పారోస్ నుంచి నాక్సోస్‌కి ఒక్క రోజులో ఓడమీద వెళ్లిరావడం ఎలా

గ్రీస్ వెళ్లే మనవాళ్లలో చాలామంది సాంటోరినిలో రెండు రాత్రులు, మైకొనోస్‌లో రెండు రాత్రులు, మధ్యలో ఇంకో దీవిలో ఒక రాత్రి అని పెట్టుకుంటారు. తీరా చూస్తే సగం సెలవు పెట్టెలు సర్దడానికి, గది ఖాళీ చేయడానికి, రేవులో ఎండలో నిలబడడానికి పోతుంది. అంతకన్నా హాయైన పద్ధతి ఒకటుంది. ఒకే దీవిలో గది తీసుకుని అక్కడే మకాం పెట్టి, పక్కనున్న దీవికి పొద్దున్నే చిన్న సంచితో వెళ్లి సాయంత్రానికి తిరిగొచ్చేయడం. పిల్లలు, పెద్దవాళ్లు ఉన్న కుటుంబాలకి ఇదే నయమని నా గట్టి నమ్మకం. మేం పారోస్‌లో మకాం పెట్టి నాక్సోస్‌కి వెళ్లొచ్చాం, ఒకసారి కాదు, రెండు వేర్వేరు సెలవుల్లో రెండుసార్లు. అందుకే ఆ దారినే ఉదాహరణగా పెట్టుకుని మొదటి నుంచి చెబుతాను.

ముందు దీవుల జంట సరిగ్గా ఎంచుకోండి

గ్రీస్‌లో మనుషులు నివసించే దీవులే 200 పైన ఉన్నాయి, కానీ మ్యాప్‌లో దగ్గరగా కనిపించే ప్రతి రెండింటి మధ్యా రోజూ ఓడ ఉండదు. ఓడలు బస్సుల్లాగా ఒక వరుసలో తిరుగుతాయి. ఏథెన్స్ రేవు పైరియస్‌లో బయల్దేరి పారోస్, నాక్సోస్, సాంటోరిని అనే వరుసలో పోయే ఓడ మళ్లీ అదే వరుసలో వెనక్కి వస్తుంది. అందుకని ఒకే వరుసలో పక్కపక్కనే ఉన్న దీవుల మధ్య రాకపోకలు తేలిక. వేర్వేరు వరుసల్లో ఉన్నవైతే కళ్లెదుట కనిపిస్తున్నా చేరడం కష్టం.

ఒక్క రోజుకి బాగా కుదిరే జంటలు కొన్ని చెబుతాను: పారోస్–నాక్సోస్, పారోస్–ఆంటిపారోస్, మైకొనోస్–డీలోస్, మీలోస్–కీమొలోస్, రోడ్స్–సీమీ. వీటిలో డీలోస్ సంగతి వేరు. అక్కడ ఊరు లేదు, హోటల్ లేదు, రాత్రి ఉండనివ్వరు. అపోలో పుట్టిన చోటుగా పాత గ్రీకులు కొలిచిన దీవి అది, ఇప్పుడు మొత్తం తవ్వకాల్లో బయటపడ్డ శిథిలాలే. మైకొనోస్ పాత రేవు నుంచి అరగంట ప్రయాణం. సాంటోరిని నుంచి మైకొనోస్‌కి ఒక్క రోజులో వెళ్లొద్దామనే ఆలోచన మాత్రం మానుకోండి. వెళ్లడానికి రెండు మూడు గంటలు, రావడానికి రెండు మూడు గంటలు, పైగా దాదాపు అన్నీ ఖరీదైన హై స్పీడ్ బోట్లే. చూడడానికి టైమ్ మిగలదు, డబ్బు మాత్రం బాగా అవుతుంది.

పారోస్–నాక్సోస్ మధ్య పెద్ద ఓడలో సుమారు గంట, హై స్పీడ్‌లో అరగంట పైచిలుకు పడుతుంది. సీజన్‌లో రోజుకి చాలా ఓడలు ఉంటాయి. మొదటిసారి వెళ్లేవాళ్లకి ఇంతకన్నా తేలికైన జంట నాకు కనపడలేదు.

వచ్చే ఓడని ముందు ఖాయం చేసుకోండి, వెళ్లే ఓడ సంగతి తర్వాత

ఈ మొత్తంలో ఒక్క మాటే గుర్తుంటే చాలు అనుకుంటే, ఈ మాట గుర్తుపెట్టుకోండి.

మొదటిసారి మేం ఆగస్టులో వెళ్లాం. పొద్దున పెద్ద ఓడలో హాయిగా వెళ్లి, సాయంత్రం నాక్సోస్‌లో ఎక్కువసేపు ఉండొచ్చని ఏడున్నరకి హై స్పీడ్ బోటు టికెట్ తీసుకున్నాం. నాలుగు గంటలకి ఫోన్‌కి మెసేజ్ వచ్చింది, గాలి వల్ల బోటు రద్దని. మేం ఆ మెసేజ్ చూసుకుని కొండ ఊరి నుంచి రేవుకి చేరేసరికి ఆ సాయంత్రం పారోస్‌కి వెళ్లే చివరి పెద్ద ఓడ గట్టు వదిలేస్తోంది. మాతో అత్తయ్యగారు ఉన్నారు, ఆవిడ బీపీ మాత్రలు పారోస్‌లో గదిలో ఉన్నాయి. ఆ రాత్రి పడిన టెన్షన్ ఇప్పటికీ మర్చిపోలేదు.

అసలు విషయం ఏంటంటే, ఏజియన్ సముద్రంలో వేసవిలో ఉత్తరం నుంచి మెల్టెమి అనే గాలి వీస్తుంది. ఆకాశం నీలంగా ఉంటుంది, ఎండ కాస్తూనే ఉంటుంది, మబ్బు తునక కూడా కనపడదు, కానీ నిలబడనివ్వని గాలి. జులై, ఆగస్టుల్లో మరీ ఎక్కువ. మామూలుగా పొద్దున కాస్త నెమ్మదిగా ఉండి మధ్యాహ్నం నుంచి బలపడుతుంది. గాలి పెరిగితే ముందు ఆగిపోయేవి హై స్పీడ్ కాటమరాన్లే, అంటే రెండు అడుగుభాగాలు పక్కపక్కన ఉండే తేలిక బోట్లు. పెద్ద ఓడలు చాలాసేపు తట్టుకుంటాయి. ఈ దారిలో తిరిగే బ్లూ స్టార్ డీలోస్ లాంటి ఓడ 145 మీటర్ల పొడవు, 2,400 మంది పడతారు. దాన్ని మన లాంచీలాగా ఊహించుకోకండి, కార్లు, లారీలు కడుపులో పెట్టుకుని పోయే ఏడెనిమిది అంతస్తుల మేడ అది.

కాబట్టి నేను చెప్పే లెక్క ఇది. పొద్దున గాలి తక్కువ ఉన్నప్పుడు వెళ్లడానికి హై స్పీడ్ తీసుకున్నా పర్లేదు. సాయంత్రం వెనక్కి మాత్రం పెద్ద ఓడే. అది కూడా ఆ రోజు పారోస్ వైపు వెళ్లే ఆఖరి ఓడ కాకుండా, దాని వెనకాల ఇంకోటి ఉండేలా చూసుకోండి. వేసవిలో ఎక్కువ రోజులు సాంటోరిని నుంచి పైరియస్‌కి తిరిగిపోయే పెద్ద ఓడ ఒకటి నాక్సోస్‌లో సాయంత్రం ఐదున్నర ప్రాంతంలో ఆగుతుంది. మీ తేదీకి ఎన్నింటికో చూసుకుని, దాన్ని ఖాయం చేసుకుని, అక్కడి నుంచి వెనక్కి లెక్కపెట్టండి. నాక్సోస్‌లో కనీసం ఆరు గంటలు ఉండాలంటే పొద్దున పదకొండులోపు దిగాలి. అంటే పారోస్‌లో పదింటి లోపల ఎక్కాలి. అలాంటి ఓడ ఆ రోజు లేకపోతే రోజు మార్చండి, ఇంకో రోజు ఉంటుంది.

ఏ నెల, ఏ రోజు

జూన్, సెప్టెంబర్ నాకు ఇష్టం. నీళ్లు వెచ్చగానే ఉంటాయి, ముఖ్యంగా సెప్టెంబర్‌లో. ఓడలు చాలానే నడుస్తాయి, గాలి కాస్త తక్కువ. నవంబర్ నుంచి మార్చి దాకా హై స్పీడ్ బోట్లు దాదాపు ఉండవు, పెద్ద ఓడలు కూడా తగ్గుతాయి, ఒకే రోజులో వెళ్లిరావడం కొన్ని రోజులకే కుదురుతుంది.

ఇంకో జాగ్రత్త. దీవి వదిలి ఏథెన్స్‌కి, అక్కడి నుంచి విమానం ఎక్కే రోజుకి ముందు రోజు ఈ ప్రయాణం పెట్టుకోవద్దు. సెలవు మధ్యలో పెట్టుకోండి, ఏదైనా తేడా వస్తే జరుపుకోవడానికి ఒక రోజు ఉండాలి. నావికుల సంఘాల సమ్మెలు కూడా గ్రీస్‌లో అప్పుడప్పుడూ ఉంటాయి. ఒక రోజో రెండు రోజులో ఓడలన్నీ కట్టేస్తారు. ముందుగానే ప్రకటిస్తారు కాబట్టి వారం ముందు ఒకసారి వార్తలు చూసుకుంటే సరిపోతుంది.

టికెట్లు

ఫెర్రీహాపర్ లాంటి సైట్లలో అన్ని కంపెనీల ఓడలూ ఒకేచోట కనపడతాయి, ఓడ పేరు, బయల్దేరే సమయం, చేరే సమయం, ధర పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు. అక్కడ చూసుకున్నాక అక్కడే కొనొచ్చు, లేదా కంపెనీ సైట్‌లో కొనొచ్చు. హై స్పీడ్ టికెట్ పెద్ద ఓడ టికెట్‌కి రెట్టింపు పైనే ఉంటుంది, మిగిలేది ఇరవై నిమిషాలు. నాకైతే ఆ తేడా దండగ అనిపిస్తుంది, పొద్దున వేరే ఓడ లేకపోతే తప్ప.

పేర్లు పాస్‌పోర్టులో ఉన్నట్టే రాయండి. మన ఇంటిపేర్ల గొడవ తెలిసిందేగా, ఏది ముందు ఏది వెనక అని తికమక పడకుండా పాస్‌పోర్టు తెరిచి పక్కన పెట్టుకునే నింపండి. ఐదేళ్లలోపు పిల్లలకి మామూలుగా డబ్బు కట్టక్కర్లేదు, కానీ వాళ్ల పేరు మీద సున్నా ధర టికెట్ మాత్రం తీసుకోవాల్సిందే. ఐదు నుంచి పదేళ్ల పిల్లలకి సాధారణంగా సగం ధర. దీవుల మధ్య వీసా తనిఖీ ఉండదు, ఒకే దేశం కదా, అయినా పాస్‌పోర్టు దగ్గర పెట్టుకోండి, ఎక్కేటప్పుడు అడగొచ్చు.

ఎక్కువ ఓడలకి ఇప్పుడు ఫోన్‌లో క్యూఆర్ కోడ్ చూపిస్తే చాలు. మెయిల్‌లో వచ్చింది బుకింగ్ నంబరా, అసలు టికెట్టా అన్నది మాత్రం ఒకసారి చూసుకోండి. చెక్ ఇన్ చేసుకుంటేనే కోడ్ వచ్చే కంపెనీలున్నాయి, రేవులో ఏజెన్సీ దగ్గర కాగితం టికెట్ తీసుకోమనేవీ ఉన్నాయి. పెద్ద ఓడలో అన్నిటికన్నా తక్కువ ధర టికెట్ చాలు, గంట ప్రయాణానికి నంబరు సీటు అక్కర్లేదు, లోపలా పైడెక్ మీదా ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ కూర్చోవచ్చు. వేసవిలో కార్లకి చోటు ముందే నిండిపోతుంది, మనుషులకి అంత ఇబ్బంది ఉండదు, ఆగస్టు 15 చుట్టూ ఉన్న వారం తప్ప. ఆ రోజు మేరీమాత పండుగ, గ్రీకులందరూ దీవులకి కదులుతారు. పారోస్ ముఖ్య రేవు పారికియాలో నూరు ద్వారాల గుడి అని పేరున్న ఎకతొంతపిలియాని చర్చిలో పెద్ద ఉత్సవం.

ముందు రోజు రాత్రి

గాలి చూడండి, వాన కాదు. వాతావరణ యాప్‌లో గాలిని బోఫోర్ట్ లెక్కలో (గాలి బలాన్ని అంకెల్లో చెప్పే పద్ధతి) పెట్టుకుని చూడండి, ఎందుకంటే అక్కడ అందరూ ఆ లెక్కలోనే మాట్లాడతారు. 5 దాకా దిగులు అక్కర్లేదు. 6 అంటే గంటకి 39 నుంచి 49 కిలోమీటర్ల గాలి, అప్పటి నుంచి హై స్పీడ్ బోట్ల మీద అనుమానం పెట్టుకోవాలి. 8 అంటే 62 నుంచి 74, అప్పుడు పెద్ద ఓడలు కూడా ఆగిపోవచ్చు. ఓడలు బయల్దేరకూడదని రేవు అధికారులు ఇచ్చే ఆజ్ఞని అపగొరెఫ్తికో అంటారు. ఆ మాట చెవిన పడితే ఆ రోజు ప్రయాణం లేనట్టే.

రేపు 7 అని కనిపిస్తే నేనైతే వెళ్లను. ఎండ కాస్తోంది కదా, ఏమవుతుంది అని కౌంటర్ దగ్గర వాదించేవాళ్లని చూశాను. పారికియా అఖాతం బయట పోర్టెస్ అని రెండు రాతి గుట్టలు నీళ్లలోంచి పొడుచుకుని కనిపిస్తాయి. 2000 సెప్టెంబర్ 26 రాత్రి ఎక్స్‌ప్రెస్ సమీనా అనే ఓడ పెనుగాలిలో వాటికే కొట్టుకుని మునిగిపోయింది, సుమారు 80 మంది చనిపోయారు. పడవలేసుకుని చీకట్లో వెళ్లి ప్రాణాలు కాపాడినవాళ్లలో పారోస్ జాలర్లు ఉన్నారు. కచ్చులూరు దగ్గర 2019లో గోదావరి వరదలో మునిగిన బోటు గురించి తెలిసిన మనకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. రేవువాళ్లు వద్దన్నారంటే వద్దనే.

మెరైన్ ట్రాఫిక్ యాప్ ఫోన్‌లో వేసుకోండి. ఓడ పేరు కొడితే ఇప్పుడు సముద్రంలో ఎక్కడుందో కనపడుతుంది. పారోస్‌లో పదింటికి రావాల్సిన ఓడ తొమ్మిదిన్నరకి ఇంకా సగం దారిలో ఉంటే ఎండలో గట్టు మీద నిలబడకుండా కాఫీ హోటల్లో కూర్చోవచ్చు.

సంచిలో ఏం పెట్టుకోవాలి: పాస్‌పోర్టు, ఛార్జర్, టోపీ (తాడు ఉన్నదే, లేకపోతే ఎగిరిపోతుంది), పల్చటి స్వెట్టర్, స్నానం బట్టలు, నీళ్లు, రోజూ వేసుకునే మాత్రలు రెండు రోజులకి సరిపడా. మాత్రల విషయం ఎందుకు నొక్కి చెబుతున్నానో పైన చదివారు కదా.

కడుపులో తిప్పే అలవాటున్నవాళ్లు ఎక్కాక మాత్ర వేసుకుంటే పని చేయదు, ఎక్కడానికి ముందే వేసుకోవాలి. ఏ మాత్రో మీ డాక్టర్ని ముందే అడగండి, కొన్నిటికి మగత వస్తుంది. పొద్దున ఖాళీ కడుపు వద్దు, నూనె వస్తువులూ వద్దు, రొట్టె ముక్కో అరటిపండో తినండి. ఓడలో మధ్యభాగంలో కింది అంతస్తులో ఊపు తక్కువ. ఫోన్ చూడకండి, దూరంగా సముద్రం ఆకాశం కలిసే గీత చూడండి.

రేవులో, ఓడలో

పారికియా రేవు దగ్గర గాలిమర ఒకటి ఉంటుంది, అదే గుర్తు. అరగంట ముందు చేరండి. చిన్న రేవు కాబట్టి తప్పిపోవడం ఉండదు, కానీ ఒకే అరగంటలో మూడు ఓడలు రావచ్చు, అందరూ ఒకేచోట గుంపుగా నిలబడి ఉంటారు. ఓడ పక్కన రాసిన పెద్ద అక్షరాలు కంపెనీ పేరువి, ఓడ అసలు పేరు ముందు భాగంలోనూ వెనకా ఉంటుంది. టికెట్ మీదున్న ఓడ పేరుతో సరిచూసుకోండి. ర్యాంపు దగ్గర నిలబడ్డ సిబ్బందిని "నాక్సోస్?" అని ఒక్కమాట అడిగి ఎక్కండి, వాళ్లేమీ అనుకోరు.

ఓడ వెనక్కి తిరిగి గట్టుకి ఆనుకుని ర్యాంపు దించుతుంది. దిగేవాళ్లు దిగీ దిగకముందే ఎక్కేవాళ్లు కదులుతారు, పక్కనే లారీలు, మోటారు సైకిళ్లు. అంతా ఐదు పది నిమిషాల్లో అయిపోతుంది, ఎవరికోసమూ ఆగరు. పిల్లల చెయ్యి పట్టుకునే ఉండండి, ఫొటోలు పైకెక్కాక తీసుకోవచ్చు.

పెద్ద ఓడ అయితే పైడెక్ మీదకి వెళ్లండి. పారికియా దీవికి పడమర పక్కన ఉంది, నాక్సోస్ తూర్పున, కాబట్టి ఓడ పారోస్‌ని ఉత్తరం నుంచి చుట్టి పోతుంది. వెళ్లేటప్పుడు కుడివైపు, వచ్చేటప్పుడు ఎడమవైపు కూర్చుంటే ఉత్తరపు గాలి తగలదు, పారోస్ కొండలూ తెల్లటి ఊళ్లూ కనిపిస్తూ ఉంటాయి. కాటమరాన్‌లో ఈ సుఖం లేదు, చాలావాటిలో బయట నిలబడే చోటే ఉండదు, నంబరు సీట్లో అద్దాల వెనక కూర్చోవాలి.

చేరడానికి పది నిమిషాల ముందు గ్రీకులో, ఇంగ్లీషులో చెబుతారు. వెంటనే కింద గ్యారేజీ వైపు కదలండి. మీ సీట్లో తీరిగ్గా సర్దుకుంటూ ఉంటే ఓడ మిమ్మల్ని సాంటోరినికి తీసుకుపోతుంది.

నాక్సోస్‌లో ఆరు గంటలు

దిగగానే మొదటి పని, మీ సాయంత్రం ఓడ ఎక్కడ ఆగుతుందో చూసుకోవడం. రెండో పని, ఎదురుగా ఉన్న బస్సు ఆఫీసులో ఆ రోజు వేళల ఫొటో తీసుకోవడం. తర్వాత తీరిగ్గా ఎడమవైపు రాతికట్ట మీదుగా పోర్టారాకి నడవండి. సముద్రంలోకి చొచ్చుకొచ్చిన గుట్ట మీద ఒంటరిగా నిలబడ్డ పాలరాతి ద్వారం అది, సుమారు 6 మీటర్ల ఎత్తు. క్రీ.పూ. 530 ప్రాంతంలో లిగ్డమిస్ అనే పాలకుడు అపోలోకి గుడి కట్టించడం మొదలుపెట్టాడు, అతను పదవి పోగొట్టుకోవడంతో పని ఆగిపోయింది. తర్వాతి కాలాల్లో ఆ రాళ్లని ఊళ్లో కట్టడాలకి పట్టుకుపోయారు. ఈ ద్వారం మాత్రం మోయలేక వదిలేశారని చెబుతారు. గుడి లేకుండా గుమ్మం ఒక్కటే ఆకాశంలోకి తెరుచుకుని ఉండడం చూస్తే నాకు రెండుసార్లూ ఒళ్లు జలదరించింది.

ఇక్కడి నుంచి రెండు దారులున్నాయి. రెండూ చేద్దామనుకోకండి.

పెద్దవాళ్లు, చిన్నపిల్లలు ఉంటే ఊరు వదలొద్దు. పాత ఊరి సందుల్లోంచి వెనీషియన్ల (ఇటలీలోని వెనిస్ వాళ్ల) కోట దాకా ఎక్కండి. 1207లో ఈ దీవులు గెలిచి డ్యూక్‌గా పాలించిన మార్కో సనూడో కాలపు కోట అది. మెట్లు చాలా, నీడ కూడా చాలా. దిగి వచ్చి భోంచేసి, పావుగంట నడిస్తే సెయింట్ జార్జ్ బీచ్. లోతు తక్కువ, పిల్లలకి భయం లేదు.

కాస్త ఓపిక ఉన్నవాళ్లు బస్సెక్కి హాల్కీ వెళ్లండి, అరగంట దారి. ఆలివ్ తోటల మధ్య కొండ ఊరు, ఒకప్పుడు దీవికి ముఖ్యపట్టణం. కిట్రాన్ అనే దబ్బ జాతి చెట్టు ఆకుల నుంచి తీసే మద్యం తయారుచేసే పాత బట్టీ అక్కడ 1896 నుంచి ఉంది, రాగి పాత్రలు చూపిస్తారు. అయితే బస్సులు గంటకొకటి ఉండవు. ఓడకి కనీసం గంటన్నర ముందు ఊళ్లో దింపే బస్సే మీ బస్సు, దాని తర్వాతది లేదనే అనుకోండి. కారో స్కూటరో అద్దెకి తీసుకుందామంటే మన లైసెన్సుతో పాటు ఇండియాలో తీసుకున్న అంతర్జాతీయ పర్మిట్ ఉండాలి. గాలి రోజుల్లో ఆ కొండ మలుపుల్లో స్కూటర్ మాత్రం వద్దు.

తిండికి ఇబ్బంది లేదు, శాకాహారులకి కూడా. అన్నం కూరిన టమాటా, క్యాప్సికం ఉంటుంది, దాన్ని గెమిస్తా అంటారు, మాంసం లేనిదేనా అని అడగండి. పెద్ద చిక్కుడు గింజల కూర గిగాంటెస్, పాలకూర పెట్టిన స్పనకోపిట ఉంటాయి. "నిస్తీసిమో" అని అడిగితే ఉపవాసపు వంట అని అర్థం, మాంసం, గుడ్డు, పాలు ఉండవు (రొయ్యల్లాంటివి ఉండొచ్చు, అదొక్కటీ చూసుకోండి). నాక్సోస్ బంగాళాదుంపలు గ్రీస్ అంతటా పేరున్నవి, వేపుడు చెప్పుకోండి. గ్రావియెరా చీజ్ ముక్క ఒకటి కాగితంలో కట్టించుకుంటే ఓడలో తినొచ్చు.

ఓడ రాకపోతే

ఆలస్యమైతే యాప్‌లో ఓడ ఎక్కడుందో చూడండి, రేవు వదిలి దూరం పోకండి. రద్దయితే అందరూ గుంపులో నిలబడకుండా మీలో ఒకరు వరుసలో, ఒకరు ఫోన్‌లో ఉండండి. ఓడ రద్దయినా, బయల్దేరడం గంటన్నరకి మించి ఆలస్యమైనా, వేరే ఓడలో పంపమనో డబ్బు వెనక్కి ఇమ్మనో అడిగే హక్కు యూరోపియన్ యూనియన్ 1177/2010 నియమం ఇస్తుంది. ఏది కావాలో ఎంచుకునేది మీరు. కానీ గాలి వల్ల ఆగిపోతే హోటల్ ఖర్చు కంపెనీ ఇవ్వక్కర్లేదు, కాబట్టి ఆ రాత్రి గది ఖర్చు మీదే.

గది ముందు చూసుకోండి, టికెట్ మార్చుకోవడం తర్వాత. రద్దయిన ఓడలోని వాళ్లందరూ ఒకేసారి గదుల కోసం పడతారు, ఊళ్లోపలి సందుల్లోకి పోతే రేవు ఎదురుగా ఉన్నవాటికన్నా తక్కువకి దొరుకుతాయి. పారోస్‌లో మీ గదివాళ్లకి ఒక మెసేజ్ పెట్టండి. మందుల షాపులకి ఆకుపచ్చ శిలువ గుర్తు వెలుగుతూ ఉంటుంది. రాత్రి ఏ షాపు తెరిచి ఉంటుందో మూసిన షాపు తలుపు మీద కాగితం అంటిస్తారు. మాత్రల పట్టీ ఫొటో, అందులోని మందు అసలు పేరు కనపడేలా, ఇంటి దగ్గరే ఫోన్‌లో తీసిపెట్టుకోండి. ఆ రాత్రి అత్తయ్యగారికి మాత్రలు దొరికింది అలాగే, మా ఆయన ఫోన్‌లో ఎప్పుడో తీసిన ఒక ఫొటో చూసి ఆ షాపావిడ లోపలి నుంచి అదే మందు వేరే పేరుతో తెచ్చిచ్చింది.